ఆవిడ వచ్చింది

ఇంటి నుంచి,
కుట్టుమిషను పక్కన కూర్చుని

పిచ్చుకా,

అందరికీ నువ్వు జడ్జిగారివి, నాకు మాత్రం పిచ్చుకవే. ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చెవిన పెట్టుకుంటే నాకు ఏడుపు ముంచుకొస్తుంది, అవతల నువ్వు సరేలే అమ్మా, మళ్ళీ చేస్తానని పెట్టేస్తావు. నీ తప్పు కాదు. ఏడ్చే మనిషితో ఎంతసేపని మాట్లాడతావు. కాగితమైతే నా ఏడుపు నీకు వినపడదు. అక్కడక్కడ సిరా అలుక్కుపోతే చెయ్యి చెమట అనుకో. నా అక్షరాలు చూసి తమ్ముడు ఎంత ఎక్కిరించేవాడో గుర్తుందా. బస్సులో సీటు దొరక్క ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నట్టున్నాయే అమ్మా అనేవాడు. చదువు మధ్యలో ఆగిపోయిన దాని రాత ఇంతకంటే ఎలా ఉంటుంది.

వాడు కరెంటు స్తంభం మీద నుంచి పడి మనకి లేకుండా పోయాక కరెంటాఫీసు వాళ్ళు వాడి సామాను ఒక సంచిలో వేసి తెచ్చిచ్చారు కదా. అన్నీ తీసి సర్దాను. టిఫిన్ డబ్బా ఒక్కటి అలమార పై అరలో పెట్టాను, మూత తియ్యలేదు. ఆ రోజు పైకెక్కే ముందు వాడు తిన్నాడో లేదో మూత తీస్తే తెలిసిపోతుంది. తినలేదని తెలిస్తే నేనేం కావాలి. అందుకని దాని జోలికి పోను. దుమ్ము మాత్రం తుడుస్తాను.

మా కుట్టు షాపుకి మంచి నల్ల గుడ్డ వచ్చింది. నీ గౌను మోచేతుల దగ్గర తెల్లబడింది, కొత్తది కుట్టనా? భుజాల కొలత మారి ఉంటే రాసి పంపు. బాగా చిక్కిపోయావు.

అమ్మ


కోర్టు క్వార్టర్స్,
ముందు గది

అమ్మకు,

ఉత్తరం అందింది. గౌనుకు తొందర లేదు. నడుము నొప్పిగా ఉంటే కొన్నాళ్ళు సెలవు పెట్టాను. మోచేతుల దగ్గర తెల్లబడిందని నీకెవరు చెప్పారు? నేను చెప్పినట్టు గుర్తు లేదు.

ఆ డబ్బా సంగతి. తీసి ఎవరికైనా ఇచ్చెయ్యి అమ్మా, లేకపోతే పనిమనిషి చేత కడిగించు. దాన్ని చూస్తూ కూర్చుంటే నువ్వు తేరుకోవు. నేను తేరుకోలేదా? ఆ వారం తిరక్కుండానే వచ్చి బెంచి మీద కూర్చున్నాను. పని ఉంటే మనసు దాని దారిన అదే కుదురుకుంటుంది. నువ్వు కూడా షాపులో ఇంకాసేపు ఉండు. ఇంట్లో ఒక్కదానివే ఉండకు.

ఇక్కడ అంతా బాగానే ఉంది.

నీ కూతురు


షాపు నుంచి,
కత్తెర బల్ల మీద

పిచ్చుకా,

నడుము నొప్పి అన్నావు. చిన్నప్పుడు బడికి పోవడం ఇష్టం లేనప్పుడు నీకు కడుపునొప్పి వచ్చేది, ఉద్యోగంలో చేరాక అది నడుముకు మారినట్టుంది.

మీ కోర్టు గుమాస్తా భార్య జాకెట్టు కొలతలకి వచ్చింది. చేతులెత్తి నిలబడి, టేపు చంకలో ఉండగానే, మీ అమ్మాయిగారి మీద కంప్లయింటట కదండీ, పాపం బెంచి మీదికి రానివ్వడం లేదట కదండీ అంది. పాపం అన్న మాట ఎంత తీరిగ్గా అందో. నేను టేపు బిగించి, ఊపిరి వదలండి అన్నాను. షాపులో తక్కినవాళ్ళు తలలు వంచుకుని సూదుల్లో దారం ఎక్కిస్తూ కూర్చున్నారు. ఎక్కిన దారాన్నే మళ్ళీ ఎక్కిస్తున్నారు.

నాకు చెప్పకుండా ఎందుకు దాచావు. నేను అర్థం చేసుకోలేననా. చదువు తక్కువ గానీ బుర్ర తక్కువ కాదు, మెల్లగా చెప్పు. జడ్జి మీద కంప్లయింటు ఎవరికి ఇస్తారు? జడ్జికి పైన ఎవరుంటారు? వాళ్ళకి పైన మళ్ళీ ఎవరుంటారు? నిన్నేం చేస్తారు?

మోచేతుల సంగతి అడిగావు. ఎప్పుడో ఫొటోలో చూసినట్టున్నాను.

అమ్మ


కోర్టు క్వార్టర్స్

అమ్మకు,

నీకు బాధ తెలియకూడదని రాయలేదు. తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నాను.

నేనిచ్చిన తీర్పు తప్పనిపిస్తే అవతలివాళ్ళు పై కోర్టుకి అప్పీలుకి పోతారు. అది మామూలే, రోజూ జరిగేదే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ జడ్జి నడవడి బాగాలేదంటే, అంటే నోరు జారడం, ఒకళ్ళ పక్షం వహించడం, చెయ్యకూడని పని చెయ్యడం లాంటివి, దానికి వేరే ప్రవర్తన కమిటీ ఉంది. అందులో పెద్ద జడ్జీలుంటారు. మాలో మేమే ఒకరినొకరం కాపాడుకుంటామని జనం అనుకోకుండా, కోర్టుతో సంబంధం లేనివాళ్ళని కూడా వేస్తారు. ఇప్పుడున్న కమిటీలో ఒక రిటైరైన డాక్టరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు ఉన్నారు. ఫిర్యాదు చేసేవాళ్ళు ప్రమాణం చేసి రాసివ్వాలి. అందులో పస ఉందనిపిస్తే నకలు నాకు పంపి సంజాయిషీ అడుగుతారు. తర్వాత ఒక పెద్ద జడ్జి తలుపులేసిన గదిలో విచారణ చేస్తారు. అది తేలేదాకా నేను కేసులు వినకూడదు. చివరికి కమిటీ ఫిర్యాదు కొట్టెయ్యొచ్చు, హెచ్చరించొచ్చు, తప్పు రికార్డుకెక్కించి మందలించొచ్చు. మరీ పెద్ద తప్పయితే ఉద్యోగంలోంచి తీసెయ్యమని పైకి రాయొచ్చు. వాళ్ళకి పైన ఎవరని అడిగావు. నాకూ తెలియదు. వాళ్ళ అమ్మలేమో.

ఫిర్యాదు చేసింది ఒకావిడ. ఆవిడ కొడుకు కట్టుబడి పనిలో స్లాబు కూలి చనిపోయాడు. మేస్త్రీ మీద కేసు నడుస్తోంది. సాక్ష్యంగా పట్టుకున్న సామాన్లలో కొడుకు వస్తువు ఒకటి తిరిగి ఇప్పించమని పిటిషను పెట్టుకుంది. పిలిచినప్పుడు ఆవిడ హాజరు కాలేదు, కొట్టేశాను. ఇప్పుడేమో తను వచ్చిందని, తనని నానా మాటలని బయటికి పంపి రాలేదని రాయించానని అంటోంది.

నువ్వు భయపడకు. జడ్జి రాయమన్నదే స్టెనో రాస్తాడు, అందులో ఆ మాటలేవీ లేవు. బెంచి గుమాస్తాకి గుర్తు లేదట. కానిస్టేబులు వినలేదట. లాయర్లు రేపు నా ముందుకే రావాలి, వాళ్ళు చెప్పరు. ఎవరో తనకి మంచినీళ్ళిచ్చిన ఆడమనిషి ఒకామె అంతా విందని ఆవిడ రాసింది. పేరు తెలియదట, ఊరు తెలియదట. కమిటీ వాళ్ళు కోర్టు బోర్డు మీద నోటీసు పెట్టారు గానీ ఎవరూ రాలేదు. రారు కూడా. ఇంకొకరి గొడవలో తలదూర్చే తీరిక ఎవరికుంటుంది.

నెల తిరిగేసరికి అంతా సద్దుమణుగుతుంది. గుమాస్తా భార్య జాకెట్టు బిగుతుగా కుట్టు.

నీ కూతురు


ఇంటి నుంచి,
వంటగది గడప మీద కూర్చుని

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాద్దామని కూర్చుని లేచిపోతున్నాను. ఇవాళ లేవకూడదని గడప మీద కూర్చున్నాను, ఇక్కడైతే పొయ్యి కూడా కనిపిస్తూ ఉంటుంది.

ఆ నీళ్ళిచ్చింది నేనే.

నువ్వు కోర్టుకి రావద్దన్నావు, అమ్మ ఎదురుగా ఉంటే జడ్జిలా కూర్చోలేనన్నావు. ఎప్పుడూ రాలేదు కదా. ఆ పొద్దున ఇంట్లో ఉండలేకపోయాను. తమ్ముడి చొక్కాలు దండెం మీద నుంచి తీశాను ఆ రోజే. ఒక బిడ్డని చూసుకోవడానికి లేదు, రెండోదాన్ని దూరం నుంచైనా చూసుకుని వద్దామని బస్సెక్కాను. వెనక బెంచీలో, స్తంభం చాటున కూర్చున్నాను. నువ్వు లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. నా కూతురి కోసం ఇంతమంది నిలబడుతున్నారని లోపల గర్వపడ్డాను, ఆ మాట కూడా చెప్పాలి. మోచేతులు అప్పుడే చూశాను.

ఆవిడ నా పక్కనే కూర్చుంది. చెప్పు తెగితే పిన్నీసుతో పట్టించి ఉంది, అది వంగిపోయింది, నా సంచిలో గట్టి పిన్నీసు ఉంటే ఇచ్చాను. అట్లా మాట కలిసింది. కొడుకు టిఫిన్ డబ్బా పోలీసులు కవర్లో కట్టి సీలు వేసి కోర్టు గదిలో పెట్టారని, దానికోసం తిరుగుతున్నానని చెప్పింది. నాకు మన అలమార పై అర గుర్తొచ్చింది. ఒక డబ్బా కోసం ఇంత తిరగడమేంటని ఇంకెవరైనా అనుకుంటారు. నేనెట్లా అనుకోగలను.

నువ్వు ఆవిణ్ణి పిలిచావు. మేస్త్రీ తరఫు లాయరు ఇంకో తారీకు కావాలన్నాడు. ఆవిడ లేచి, కేసు ఎప్పుడైనా తేల్చండమ్మా, ఆ డబ్బా ఒక్కటి ఇప్పించండి, తిన్నాడో లేదో చూసుకుంటాను అంది. ఏడుస్తూనే అంది, మళ్ళీ అదే మాట అంది, మళ్ళీ అంది. అప్పుడు నువ్వన్న మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ ఒక్కదానికే పోయాడా కొడుకు? మా ఇంట్లోనూ పోయారు. నేను ఏడుస్తూ కూర్చున్నానా? వచ్చి పని చేసుకోవడం లేదా?"

తర్వాత బయటికి పంపమన్నావు. కానిస్టేబులు ఆవిడ భుజం పట్టుకుని తీసుకుపోయాడు. నేనూ వెనకే వెళ్ళి సీసాలో నీళ్ళిచ్చాను. ఆవిడ తాగుతూ ఉండగానే లోపల ఆవిడ పేరు పిలిచారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఆవిడ సీసా నా చేతిలో పెట్టి లోపలికి పోబోయింది. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు, జడ్జమ్మగారు పంపేశారుగా, మళ్ళీ ఎందుకు అన్నాడు. లోపల నుంచి మీవాళ్ళు పిలుస్తున్నారు, ఆవిడ గుమ్మంలో ఉంది, రానివ్వడం లేదు. రాలేదని రాశావని నాకప్పుడు తెలియదు. నీ ఉత్తరంలో చదివాక తెలిసింది. రెండు మూడుసార్లు చదివాను, నాకే చదవడం సరిగా రావడం లేదేమో అనుకున్నాను.

ఆవిడ నాతో, ఈమెకి పిల్లలు లేరేమో అంది. నీ గురించి. నీ తల్లినని చెప్పడానికి ముఖం చెల్లలేదు. సీసా మూత బిగించుకుని బస్టాండుకి వచ్చేశాను.

ఇంకో మాట. నువ్వు ఆవిడతో అన్నది ఆవిడతో అన్న మాట కాదు. నాతో అనాలనుకున్న మాట. ఫోన్ పెట్టేసినప్పుడల్లా అది నీ నోటి దాకా వచ్చి ఆగేది, నాకు వినపడేది. నన్ననలేక ఆవిణ్ణి అన్నావు. నామీద పడాల్సింది ఆవిడ మీద పడింది. అందుకే నాకు ఇంత సిగ్గుగా ఉంది.

నోటీసు పెట్టారన్నావు. నేను పోయి చెప్పాలి కదా.

అమ్మ


కోర్టు క్వార్టర్స్

అమ్మకు,

రావద్దని చెప్పాను. చిన్నపిల్లవా?

నువ్వు చెప్తే ఏమవుతుందో తెలుసా? నోరు జారినందుకు హెచ్చరించి వదిలేస్తారు. ఉన్న మనిషిని లేదని రికార్డులో రాయించినందుకు వదలరు. ఉద్యోగమే పోవచ్చు. నేను ఇదంతా చదివింది, నువ్వు కళ్ళు పోగొట్టుకుని మిషను తొక్కింది దీనికోసమా? ఇంకెవరైనా చెప్తే సాక్షి అంటారు. నువ్వు చెప్తే కన్నతల్లే చెప్పిందంటారు, ఆ మాటకి ఎదురుండదు. పేపర్లో వేస్తారు. షాపులో నువ్వు ఎట్లా తలెత్తుకుంటావు?

నేను ఆ రోజు ఎట్లా ఉన్నానో నీకు తెలియదు. ఎవరూ అడగలేదు. అందరూ నిన్నే పరామర్శించారు.

ఒక కొడుకు పోయాడు. ఉన్న ఒక్క బిడ్డనీ నీ చేతులతో నువ్వే తోసేసుకో.


ఇంటి నుంచి

పిచ్చుకా,

ఉత్తరం కింద పేరు పెట్టలేదు. ఫర్వాలేదు, నీ చేతిరాత నాకు తెలుసు.

నిన్నెవరూ అడగలేదన్నావు. నిజమే. నేనూ అడగలేదు. వాడు నా కొడుకని ఏడ్చాను గానీ నీ తమ్ముడని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నువ్వు ఏడువు, నేను వింటానని అనాల్సింది నేను. దానికి నన్నేమన్నా పడతాను. కానీ ఆ బాకీ మనిద్దరిదీ, ఆవిడ చేత కట్టించకూడదు.

మన రేకు పెట్టె గుర్తుందా. మీరిద్దరూ కొట్టుకున్నప్పుడు తప్పు ఎవరిదని తోస్తే వాళ్ళని దాని మీద కూర్చోబెట్టేదాన్ని. రెండో వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా పెట్టె మీదున్నవాళ్ళు నోరు విప్పకూడదు. నీకు అది ఎంత కష్టంగా ఉండేదో, పెదాలు బిగబట్టి, బుగ్గలు ఉబ్బించి కూర్చునేదానివి. ఇది లాయరవుతుందని మీ నాన్న బతికుండగానే అన్నాడు. ఒకసారి నేను అసలు సంగతి వినకుండా తమ్ముణ్ణి కొట్టాను. తప్పు వాడిది కాదని తర్వాత తెలిసింది. వాడు ఏడుపు ఆపుకుని పెట్టె ముందు నిలబడి, ఇప్పుడు నువ్వు కూర్చోమ్మా అన్నాడు. మీ నాన్న నవ్వాడు, నువ్వు భయపడ్డావు. నేను కూర్చున్నాను. వాడు వేలు చూపించి చెప్పిందంతా విన్నాను. దిగాక ఏమీ అవమానం అనిపించలేదు, ఆ మధ్యాహ్నం వాడు నన్ను వదిలిపెట్టకుండా కొంగు పట్టుకుని తిరిగాడు.

జడ్జికి పైన ఎవరుంటారని నేను అడిగినప్పుడు నువ్వు జోక్ వేశావు. మనింట్లో అప్పుడు నా పైన ఉన్నది వాడు.

విచారణ రోజు నేను వస్తాను. షాపులో సెలవు చెప్పేశాను. లోపలికి రాను, బయట బెంచీ మీద కూర్చుంటాను. నువ్వే చెప్పు. నువ్వు చెప్తే నేను నోరు విప్పాల్సిన పని ఉండదు. చెప్పకపోతే లోపలికి వచ్చి నేను చూసింది చూసినట్టు చెప్తాను. నిన్ను తోసేసుకోవడానికి కాదు. ఆవిణ్ణి అబద్ధాలకోరు అంటున్నారు, ఇన్నాళ్ళూ నేను విని ఊరుకున్నాను. పేపర్లో వేస్తే వేస్తారు. షాపులో తలొంచుకునే పని చేస్తాం కదా, ఎత్తుకునేదెప్పుడు.

నీ మీద నాకు కోపం లేదు. భయంగా మాత్రం ఉంది.

అమ్మ


క్వార్టర్స్ నుంచి,
సామాను కట్టేస్తూ

అమ్మా,

విచారణ అయ్యాక కారిడార్‌లో నీతో మాట్లాడకుండా వెళ్ళిపోయాను. మాట్లాడే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు రాస్తాను.

ముందు ఒకటి చెప్పాలి. ఆవిడ ఫిర్యాదులో, నల్ల గుడ్డ తొడుగు వేసిన సీసాతో నీళ్ళిచ్చిందని రాసింది. నా గౌను ముక్కలతో సీసాలకి తొడుగులు కుట్టే మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆ వాక్యం చదవగానే నాకు తెలిసిపోయింది. నువ్వు మోచేతుల గురించి రాసినప్పుడు రూఢి అయింది. తెలిసీ నీకు, ఎవరో ఒకామె, రారు కూడా అని రాశాను. నువ్వు రాకూడదని రాశాను. నీ నోరు నీ చేతే మూయించాలని చూశాను. రికార్డులో రాయించిన అబద్ధం కంటే అమ్మకి రాసిన ఈ అబద్ధమే నన్ను ఎక్కువ పొడుస్తోంది.

లోపల ఒక పొడుగాటి బల్ల. విచారణ చేసిన పెద్ద జడ్జిగారు నాకు ట్రైనింగులో పాఠం చెప్పినావిడే. నన్ను గుర్తుపట్టినట్టు కనబడలేదు, అలా ఉండాలి కూడా. నా ఎదురుగా ఫిర్యాదు చేసినావిడ. నేను ఎప్పుడూ పైనుంచే చూశాను, ఒకే ఎత్తులో కూర్చుని చూడడం అదే మొదలు. మొదట ఆవిణ్ణి చెప్పమన్నారు. ఆవిడకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కొడుకు పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టింది. పాయింటుకి రండి అని నాలిక చివరిదాకా వచ్చింది. పెద్ద జడ్జిగారు మాత్రం నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపారు. తలుపుకి ఉన్న అద్దంలోంచి బయట బెంచీ కనిపిస్తోంది. నువ్వు ఒళ్ళో సీసా పెట్టుకుని కూర్చున్నావు. నేను పెదాలు బిగబట్టి కూర్చున్నాను. రేకు పెట్టె మీద కూర్చున్నట్టే.

చివర్లో ఆవిడ ఒక మాట అంది. "నన్ను తిట్టినందుకు నేను రాలేదమ్మా. తిట్లు చాలా తిన్నాను. నా బిడ్డ వస్తువు కోసం నేను రాలేదని రాశారే, అది పడలేకపోయాను."

నా సంజాయిషీ టైపు చేయించి తెచ్చుకున్నాను. ఫైల్లోంచి తియ్యలేదు. ఆవిడ వచ్చింది అన్నాను. పెద్ద జడ్జిగారు, అంటే రికార్డు తప్పంటారా అని అడిగారు. తప్పు, నేనే రాయించాను, ఆవిణ్ణి బయటికి పంపి పేరు పిలిపించాను అన్నాను. ఎందుకని అడిగారు. ఆవిడ డబ్బా అన్నప్పుడల్లా మా ఇంటి అలమార కనిపించింది, ఆ ఫైలు నా బల్ల మీద నుంచి పోవాలనిపించింది అన్నాను. అది కారణం కాదు కదా అన్నారు. కాదు అన్నాను. ఆవిడ నా వైపు చూసింది, నేను బల్ల వైపు చూశాను. క్షమించమని అడిగాను, వినపడిందో లేదో తెలియదు, గొంతు నాకే వినపడలేదు.

కమిటీ నిర్ణయం నిన్న వచ్చింది. ఉద్యోగం తీసెయ్యలేదు. తప్పు ఒప్పుకున్నందుకు అంత దూరం పోలేదట. మందలింపు నా రికార్డులో ఎక్కింది, అది చెరగదు. చాలాకాలం బెంచి మీద కూర్చోను, పాత ఫైళ్ళు చూసే ఆఫీసుకి వేశారు. తమ్ముడు పోయాక, మనిషి రాలేదని నేను కొట్టేసిన పిటిషన్లన్నీ ఇంకో జడ్జి మళ్ళీ తెరిచి చూస్తారు. వాటిలో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా అని అడుగుతావేమో. ఉండొచ్చమ్మా. ఆ రోజుల్లో నేను మనుషుల్ని చూడలేదు, ఫైళ్ళు తగ్గడం చూశాను.

నేను గదిలోకి వస్తే అటెండరు ఇప్పటికీ లేచి నిలబడుతున్నాడు. కూర్చోమని చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆవిడ డబ్బా ఆవిడకి ఇమ్మని కొత్త జడ్జి ఆర్డరు వేశారట. అందిందా? నాకు అడిగే అర్హత లేదు. నీకు తెలిస్తే రాయి.

పిచ్చుక


ఇంటి నుంచి,
అలమార ముందు కింద కూర్చుని

పిచ్చుకా,

నీ పేరు నువ్వే పెట్టి రాశావు, ఎన్నాళ్ళకో. దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు వెళ్ళిపోయాక ఆ రోజు ఆవిడ బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా, మీకోసం నోటీసు కూడా పెట్టారు అంది. ఆ జడ్జి నా కూతురండీ అని చెప్పేశాను. ఆవిడ వంగి చెప్పుకి ఉన్న పిన్నీసు సర్దుకుంది. నీళ్ళిచ్చిన రోజే చెప్పాల్సింది అంది. తలకొట్టేసినట్టయింది నాకు. ఆర్డరు వచ్చాక డబ్బా తీసుకోవడానికి వచ్చినప్పుడు తోడుగా నేనూ వస్తానన్నాను. వద్దనలేదు, రమ్మనలేదు. నేను వెళ్ళాను.

సామాన్ల గదిలో ఉన్నాయన చీటీ చూసి లోపలికి పోయి డబ్బా తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. తళతళలాడుతూ ఉంది. సీలు లేదు, కవరు లేదు. పిటిషను కొట్టేశాక ఇది ఇప్పట్లో ఎవరికీ అక్కర్లేదనుకున్నారట, వాసన వస్తోందని తెరిచి పారబోసి శుభ్రంగా తోమించి పెట్టారట. పాపం ఆయన మంచి పని చేశాననుకున్నాడు, సబ్బు పెట్టి తోమించానమ్మా అన్నాడు. అందులో ఏముందో చూశారా బాబూ, తినేసి ఉందా, తినకుండా ఉందా అని అడిగింది. ముక్కు మూసుకుని పారబోశారమ్మా, ఎవరు చూశారు అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. మూత తీసి లోపల చూసుకుంది. ఖాళీ స్టీలు, ఆవిడ ముఖమే కనబడి ఉంటుంది. మళ్ళీ మూత పెట్టేసింది.

ఇది నీకు రాయకుండా ఉండాలని ఎంతో అనుకున్నాను. ఇప్పటికే నువ్వు పడుతున్నది చాలనిపించింది. కానీ మనం దాచుకుని దాచుకుని ఎక్కడిదాకా వచ్చామో చూశాం. కమిటీ నిన్ను మందలించింది, పని మార్చింది, ఫైళ్ళు తెరిపించింది. ఆ రోజు నువ్వు ఇప్పించి ఉంటే ఆవిడకి తెలిసి ఉండేది. ఇక తెలియదు. దీనికి ఏ కమిటీ ఏం చెయ్యగలదు. దీన్ని మనిద్దరం మొయ్యాలి, నువ్వొక్కదానివే మొయ్యకు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, మావాడూ డబ్బా పట్టుకెళ్ళిన రోజే పోయాడని చెప్పాను. ఆవిడ నన్ను అడిగింది. "మీవాడు తిన్నాడామ్మా?"

నేను చూసుకోలేదన్నాను. అలమారలో ఉంది, మూత తియ్యలేదన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపు నీకు ఎట్లా రాయను. ఆవిడ కోర్టుల చుట్టూ తిరిగింది ఆ ఒక్కటి చూసుకోవడానికి. నా ఇంట్లో, నా అలమారలో, చెయ్యి చాస్తే అందే చోట పెట్టుకుని నేను భయపడుతూ దుమ్ము తుడుచుకుంటున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా డబ్బా కిందికి దించాను. మూత బిగుసుకుపోయింది, గుడ్డ పెట్టి తిప్పాను.

తిన్నాడు పిచ్చుకా. అడుగు కనిపించేలా తిన్నాడు. ఒక మూల నాలుగు మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి, అంతే. చెంచా కూడా నాకినట్టుంది. ఆకలితో పోలేదు నా బిడ్డ. నీ తమ్ముడు.

అప్పుడు ఏడ్చాను. నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది, ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఆవిడకి ఈ సంగతి చెప్పాలో వద్దో తెలియడం లేదు. అడిగింది కాబట్టి చెప్పాలి. నాకు దొరికింది ఆవిడకి దొరకలేదు కాబట్టి నోరు రావడం లేదు. నువ్వు కొత్త ఆఫీసులో కుదురుకున్నాక ఒకసారి రా. ఇద్దరం కలిసి ఆవిడ ఇంటికి పోదాం. తలుపు తీస్తే తీస్తుంది, లేకపోతే లేదు. తీస్తే ఆవిడ చెప్పిందంతా విందాం, మధ్యలో మాట్లాడకుండా.

గౌను కుట్టను. నువ్వు అడిగిన రోజు కుడతాను.

పక్కింటి టీచరమ్మ మీ వైపు వస్తోంది, ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. తమ్ముడి డబ్బా కడిగాను, నేనే కడిగాను. అందులోనే అన్నం, కూర పెట్టి పంపుతున్నాను. చల్లారిపోతుంది, వేడి చేసుకో. ఏమీ మిగల్చకుండా, కడుపునిండా తిను.

అమ్మ